తెలుగు కథానికకు తొలి గుమ్మ మేది?

మన సంచికకు కథలు పంపు సోదరీసోదరులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: కథానిక నెక్కడ మొదలుపెట్టవలెను? దీనికి సూత్రములు వల్లించుటకంటె, మన భాషలో కథానికయే యెట్లు మొదలైనదో చూచుట మేలు. అందొక వివాదమును కలదు.

గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’ పత్రికయందు వెలువడినది. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఇల్లు చేరిన భర్త తలుపు తీయుమని పిలుచుటతో కథ ఆరంభమగును. అతని వంశమేమి, చదువేమి, పెండ్లి యెన్నడైనది, ఇవేవియు ముందుగా చెప్పబడలేదు. సానిపాటకు పోయివచ్చిన ఆ గోపాలరావునకు లోపల భార్య కనబడదు. ఆమె వ్రాసిన ఉత్తరము మాత్రము కనబడును. ఒక రాత్రి, ఒక యిల్లు, భార్యాభర్తలు, నౌకరు రాముడు. కథకు కావలసిన సామగ్రి యింతియే.

ఆ ఉత్తరమును కొంచెము నిదానించి చూడుడు. కమలిని యెదుట నిలిచి మందలించినచో అది తగవుగా మారియుండును. ఆమె మంచముక్రింద దాగి యుండగా ఆమె మాట మాత్రము భర్త చేతిలోనున్నది. అతడు ఎదురు చెప్పుటకు వీలులేదు. చదువుకొన్న భార్య గనుకనే ఉత్తరము వ్రాయగలిగినది. స్త్రీవిద్యను గూర్చి ఉపన్యాసము చేయకయే ఆ విషయము కథలో ఇమిడిపోయినది. శిల్పమనగా ఇట్టిదే. (వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుని కథను నేనీ గ్రాంథికమున ప్రశంసించుట ఆయనకు నవ్వు తెప్పించెడిదే!)

అమెరికను రచయిత ఎడ్గార్ ఆలన్ పో 1842లో హాథారను కథలను సమీక్షించుచు, కథ కూర్చున్నచోటినుండి లేవకుండ చదివి ముగింపదగినదై, ఒకే అనుభూతిని కలిగింపవలెనని వాదించెను. ఈ కొలబద్దతో చూచియే మనవారు ‘దిద్దుబాటు’ను తొలి ఆధునిక కథగా ఎంచిరి, 2010లో తెలుగు కథకు శతజయంతియు జరిపిరి.

అయితే అంతకు ఎనిమిదేండ్లకు పూర్వమే, 1902లో, ‘హిందూసుందరి’ పత్రికలో భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ వెలువడినది. ఈమె కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సోదరి. 1905లో చిన్నవయస్సుననే గతించినది. పండుగనాడు పేదయింటికి భర్త అన్యాయార్జితమగు సొమ్ము తెచ్చును. భార్య దానిని తిరిగి యిచ్చివేయించును. జీతముపై బ్రతుకు మనకు ఈ కథ పరాయిది కాదు. ఇందు నీతి పైకి కనబడునన్నది నిజమే. కాని ఒక పండుగ, ఒక దంపతుల సంభాషణ, ఒక నిర్ణయము, ఇవి కథానిక లక్షణములు కావా? శిల్పము పేర శిల్పిని గడపబయట నిలుపుట నాకు న్యాయముగా తోచదు. తొలి గుమ్మము అచ్చమాంబగారిది. దానికి తలుపులమర్చినవారు గురజాడవారు.

ఆ పద్ధతి ఎంతదూరము సాగినదో పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ తెలుపును. 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను ప్రపంచ కథల పోటీలో దానికి ద్వితీయ బహుమతి లభించినది. రైలులో ఉపన్యాసమునకై పోవుచున్న, నియమములే జీవితముగా గల న్యాయవాది. అదే పెట్టెలో ఒక బిచ్చగత్తె. తుపానురాత్రి ఒక చిన్న స్టేషను. గాలి వచ్చుటకు ముందే రచయిత ఆ పెద్దమనిషి విలువలను ఒక్కొక్కటిగా పేర్చి చూపును. ముందుగా అట్లు పేర్చకున్నచో తరువాత కూలుటకేమున్నది? ఇందు ఆరంభము ‘దిద్దుబాటు’వలె గబాలున గాక, నెమ్మదిగా నడచును. కనుక తలుపు తట్టుటయే ఏకైక మార్గమని యెవ్వరును భ్రమింపరాదు.

పద్మరాజుగారు 1983లో పరమపదించిరి. ‘గాలివాన’ కథాసంపుటికి 1985లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. 1954లో స్థాపితమైన ఆ అకాడమీ మన ఢిల్లీలోనే, ఫిరోజిషా రోడ్డున రవీంద్రభవనమున నున్నది. ఈ మూడు కథలను వరుసగా చదువుటకు ఒక ఆదివారపు మధ్యాహ్నము చాలును.