ట్రాము తరిమిన అయస్కాంతం

అలీబాగ్ వెళ్లేవాళ్లు సముద్రాన్నీ కోటనూ చూసి తిరిగొస్తారు. ఆ ఊళ్లోనే పోర్‌బందర్ రాయితో, ఇనుము తగలనీయకుండా కట్టిన అయస్కాంత వేధశాల ఒకటుంది. దాని పుట్టిల్లు ముంబయిలోని కొలాబా.

ఈస్టిండియా కంపెనీ 1826లో కొలాబాలో వేధశాల పెట్టింది ఓడలకు సరైన టైము చెప్పడానికి. అప్పటికి భూమి అయస్కాంతం గొడవ దానికి లేదు. 1830లలో జర్మనీలోని గోటింగెన్‌లో శాస్త్రవేత్తలు గౌస్, వెబర్ ఓ పని మొదలుపెట్టారు: ఊరూరా అయస్కాంత సూదులు వేలాడదీసి, నియమిత రోజుల్లో అందరూ గోటింగెన్ టైము ప్రకారం ఒకేసారి కొలవాలి. 1836లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాసి బ్రిటన్‌నూ ఇందులోకి లాగాడు. టొరంటో, సెయింట్ హెలెనా, హోబర్ట్... వలస రాజ్యం ఎంత దూరం పాకిందో సూదులూ అంత దూరం వెళ్లాయి. నౌకాదళానికి దిక్సూచి అవసరం ఉంది కదా, ఖజానా తెరుచుకుంది!

కొలాబాలో ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థ ప్రొఫెసర్ ఆర్లెబార్ ఆధ్వర్యంలో 1841లో కొలతలు మొదలయ్యాయి. సన్నని దారానికి వేలాడే అయస్కాంత కడ్డీ వెంట్రుకవాసి కదిలినా దూరంగా అమర్చిన దుర్భిణిలో స్కేలు గీతలు జరుగుతాయి. గంట గంటకూ ఒక మనిషి అందులో కన్ను పెట్టి అంకె చదవాలి, రాయాలి. గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత లెక్కలూ ఉండేవి. రాత్రయినా, వాన కుండపోతగా కురుస్తున్నా అంతే. ఇంతకు మించిన విసుగు పుట్టించే ఉద్యోగం నాకైతే తోచదు.

ఆ విసుగే 1859 సెప్టెంబరు 2న పనికొచ్చింది. ముందురోజు ఇంగ్లండ్‌లో ఖగోళ పరిశీలకుడు కారింగ్టన్ సూర్యుడి మీద ఒక మెరుపు చూశాడు. దానితోపాటు సూర్యుడు విసిరిన కణాలు తాకి మర్నాడు పొద్దెక్కేసరికి కొలాబా కడ్డీ అదుపు తప్పింది. గ్రీనిచ్‌లో ఫొటో కాగితం మీద పడే గీత ఏకంగా అంచు దాటిపోయింది. కొలాబాలో ఇంకా ఫొటో యంత్రం రాలేదు. కంటితో చదివేవాళ్లు గంట కోసం ఆగకుండా నిమిషాల తేడాతో రాసుకుంటూ పోయారు. 2003లో శాస్త్రవేత్తలు ఆ పాత అంకెల్ని తిరగేస్తే భూమి అయస్కాంత బలంలో దాదాపు 1600 నానోటెస్లాల పతనం బయటపడింది. మామూలు రోజున ఆ తేడా పదుల్లోనే ఉంటుంది.

ముంబయికి కరెంటు ట్రాములు వస్తున్నాయనగానే కొలాబాకు నూకలు చెల్లాయి. పట్టాల్లో పారే విద్యుత్తు కడ్డీని కుదురుగా ఉండనివ్వదు. తొలి భారతీయ డైరెక్టర్ నానాభాయ్ మూస్ 1904లో అలీబాగ్‌లో కొత్త వేధశాల ప్రారంభించి, రెండేళ్లపాటు రెండుచోట్లా కొలిపించారు. పాత లెక్కకూ కొత్త లెక్కకూ అతుకు కుదరాలి మరి. ట్రాము 1907లో కదిలింది. అప్పటికే సూది ఊరు దాటింది.

హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో 1964 నుంచీ ఇలాంటి వేధశాలే ఉంది. ఇప్పుడు దాని పేరుతో మెట్రో స్టేషన్ కూడా వచ్చింది. ఇక్కడా అదే విద్యుత్తు చిక్కు కాబట్టి ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు నగరానికి దూరంగా చౌటుప్పల్‌లో మరో అయస్కాంత వేధశాల పెట్టుకున్నారు.