వైరస్ చొక్కా చూపిస్తే చాలు: హెపటైటిస్ బి టీకా కథ

పుల్లలచెరువులో పుట్టినా హైదరాబాదులో పుట్టినా, బిడ్డకి 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా పడాలి. ఇది లివర్‌ని మెల్లగా పాడుచేసే వైరస్. ఆ టీకా మన దాకా ఎట్లా వచ్చిందో ఈరోజు చూద్దాం.

ముందు మన ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. రక్తంలో బి కణాలుంటాయి. ఒక్కో కణం ఒక్కో ఆకారాన్నే పట్టుకోగలదు. జబ్బు రాకముందే ఒళ్లు జీన్ ముక్కల్ని పేకముక్కల్లా కలిపి, కోట్ల రకాల కణాల్ని రెడీగా పెట్టుకుంటుంది. దీన్ని 1976లో చూపించిన సుసుము టొనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది. ఆకారం కుదిరిన కణం, టి కణాల సాయంతో వందల వేలుగా పెరుగుతుంది. కొన్ని యాంటీబాడీలు వదులుతాయి, కొన్ని ఆ ఆకారాన్ని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాయి.

అసలు పాయింట్ ఇదీ: బి కణం పట్టుకునేది వైరస్ మీదున్న ఒక ముక్కని. అదే యాంటిజెన్. అంటే దొంగ అక్కర్లేదు, వాడి చొక్కా చూపిస్తే చాలు.

ఆ చొక్కా 1960ల్లోనే దొరికింది. బ్లంబర్గ్ అనే అమెరికా డాక్టర్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో దాన్ని చూశాడు. 1976లో ఆయనకీ నోబెల్ వచ్చింది. 1981లో అమెరికాలో వచ్చిన మొదటి టీకాకి, ఆ వైరస్ ఉన్నవాళ్ల రక్తం నుంచే యాంటిజెన్ తీశారు. తర్వాత చొక్కా జీన్‌ని ఈస్ట్‌లో పెట్టారు. బ్రెడ్ పొంగించే ఈస్టే యాంటిజెన్ తయారుచేసింది. రక్తంతో పనే లేదు.

కానీ మన దేశానికి ఆ టీకా బయటి నుంచే వచ్చేది. డోసు వందల రూపాయలు, పైగా మూడు డోసులు. కూలికి పోయే ఇంట్లో ఎవరు కొంటారు?

నెల్లూరు జిల్లాకి చెందిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్. బయాలజీ ఆయన సబ్జెక్టు కాదు. అయినా 1993లో హైదరాబాదులో అమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997లో ఈస్ట్‌తోనే చేసిన షాన్‌వాక్-బి వచ్చింది. డోసు సుమారు 50 రూపాయలు. 2011 నాటికి ఈ టీకా దేశమంతా ప్రభుత్వ టీకాల్లో చేరింది.

మరి 24 గంటలే ఎందుకు? కాన్పప్పుడు తల్లి నుంచి వైరస్ అంటిన పసిబిడ్డల్లో దాదాపు 90 శాతం మందికి అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వైరస్ లివర్‌లో పాతుకుపోయే లోపే బిడ్డ కణాలకి ఆ చొక్కా చూపించాలి. అందుకే ఇంట్లో కాన్పయినా సరే, ఆ రోజే ఆశా అక్కకి ఫోన్ చేయండి.