ఆక్యుపేషనల్ థెరపీ విద్య

గాయం, పక్షవాతం, ఎదుగుదల లోపం వంటి కారణాలతో రోజువారీ పనులకు దూరమైనవారు వాటిని మళ్లీ సొంతంగా చేసుకునేలా తోడ్పడే వైద్య అనుబంధ శాస్త్రంలో శిక్షణ. దేశంలో తొలి పాఠశాలను 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ ప్రారంభించారు.

ఇంటర్మీడియట్ బైపీసీ తర్వాత చదివే డిగ్రీ బీఓటీ: నాలుగేళ్ల పాఠాలు, ఆపై ఇంటర్న్‌షిప్. శరీర నిర్మాణం, నాడీ వ్యవస్థ, మనస్తత్వ శాస్త్రం, స్ప్లింట్ల తయారీ ప్రధానాంశాలు. విశాఖపట్నం ఆటోనగర్ వంటి పారిశ్రామికవాడల్లో ఈ వృత్తి అవసరం స్పష్టం: యంత్రంలో చెయ్యి నలిగిన కార్మికుడికి శస్త్రచికిత్స తర్వాత పనిముట్టుపై పట్టు తిరిగి రావాలంటే క్రమబద్ధమైన అభ్యాసం కావాలి.

పొరుగున ఒడిశాలో, కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థలో ఈ కోర్సు ఉంది. 2021 నాటి జాతీయ చట్టం ఈ వృత్తిని నియంత్రిస్తుంది.