200 రోజుల కంది 130కి ఎలా దిగింది

పాలమూరు, నల్లగొండ చెలకల్లో పప్పుధాన్యాల కథ కందితో కాక ఉలవతో మొదలుపెట్టాలి. మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వించాడు. ఆదిలాబాద్ ఉట్నూరు వేరు, ఇది వేరు. పశువులను కట్టిన దొడ్లలో పేడ పోగుబడి, కాలి, దిబ్బగా మిగిలిన చోటు అది. నాలుగు వేల ఏళ్ల కిందటి అలాంటి దక్కన్ ఊళ్లలో ఎక్కువగా దొరికిన పప్పు గింజలు ఉలవలు, పెసలు. ఆ తర్వాతే కంది తూర్పు కొండల దిక్కు నుంచి ఇటు పాకింది. దాని అడవి చుట్టం ఇప్పటికీ బస్తర్, ఒడిశా అడవుల్లో కనిపిస్తుంది. శనగ మాత్రం టర్కీ నుంచి వచ్చిన పంట.

మన చెలకలో కంది ఎన్నడూ ఒంటరిగా పెరగలేదు. కొన్ని సాళ్లు జొన్న, నడుమ ఒక సాలు కంది. జొన్న కోసుకున్నాక కంది తన దారిన పెరుగుతుంది. పప్పు ఇంటికి, పొట్టు పశువులకు, కట్టె పొయ్యిలోకి. ఈ ఏర్పాటుకు 180, 200 రోజుల కంది సరిపోయింది, కానీ అన్ని ఏళ్లూ కాదు. అక్టోబరులో వాన వెళ్లిపోతుంది, ఎర్ర చెలక పదును నిలుపుకోదు. పూత, కాత సరిగ్గా బెట్టలో పడతాయి. వేసిందేదో చేతికొస్తే చాలనుకునే పంటగా కందికి పేరు పడడానికి కారణం ఇదే.

దానికి తోడు ఎండు తెగులు. నిన్నటి దాకా పచ్చగా ఉన్న చెట్టు పూత మీద వడలిపోతుంది. కాండం చీల్చి చూస్తే లోపల నల్లటి చారలు. ఈ తెగులు గురించి శిలీంద్ర శాస్త్రవేత్త బట్లర్ 1906లోనే రాశాడు. మట్టిలో ఏళ్ల తరబడి బతికే శిలీంద్రం కాబట్టి మందు కొట్టి వదిలించుకోలేం, తట్టుకునే విత్తనమే దారి. ఆ దారి మన దగ్గర వేగం పుంజుకున్నది 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పెట్టాక. తెగుళ్ల శాస్త్రవేత్త యశ్వంత్ నేనె బృందం అక్కడ చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. రైతు ఏ తెగులుకు భయపడతాడో దాన్నే కోరి పెంచారు: మడిలో ఎండు తెగులు శిలీంద్రాన్ని నింపి, అందులో వందల రకాలు విత్తి, బతికిన మొక్కల గింజ తీసుకున్నారు. వెర్రి తెగులుకైతే ఇంకా సులువైన ఉపాయం. ఈ తెగులు తగిలిన కంది గుబురుగా పెరుగుతుందే గానీ పూత పూయదు. కంటికి ఆనని నల్లి దాన్ని మోసుకొస్తుంది. తెగులు సోకిన ఆకును తెచ్చి, ఆరోగ్యంగా ఉన్న లేత మొక్క ఆకుకు ఆఫీసు స్టేప్లర్‌తో కుట్టేశారు. ఆకు ఎండుతుంటే నల్లులు కొత్త మొక్క మీదికి ఎక్కుతాయి. ఆపైన నిలిచిన మొక్కే పరీక్ష గెలిచినట్టు. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేకుండా రూపాయి పిన్నుతో చేసిన శాస్త్రం ఇది.

ఇలాంటి వడపోతల్లో నిలిచిన రకాల్లో 1986లో మారుతి, 1993లో ఆశ బయటికొచ్చాయి. ఎండు తెగులుకు రెండూ నిలిచాయి, ఆశ వెర్రి తెగులును కూడా తట్టుకుంది. అయితే ఆశ 170, 180 రోజుల పంట. కొడంగల్, తాండూరు వైపు నల్ల రేగడికి అది సరిపోతుందేమో గానీ, నాగర్‌కర్నూల్ చెలకకు కాదు.

చెలకకు జవాబు చెలకలోనే దొరికింది. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం పరిశోధన స్థానం నుంచి పీఆర్‌జీ-158, ఆ తర్వాత పీఆర్‌జీ-176 వచ్చాయి. రెండోదాన్నే ఉజ్వల అంటారు. 130, 135 రోజుల్లో చేతికొచ్చే ఉజ్వల తేలిక నేలలకు నప్పుతుంది. నా లెక్కలో ఈ ప్రాంతపు కంది చరిత్రలో అసలు మలుపు ఇదే. ఎకరానికి రికార్డు దిగుబడి తేవడం కన్నా, వాన ఆగేలోపు కాయ గట్టిపడేలా చేయడం ఇక్కడి రైతుకు పెద్ద మేలు.

హైబ్రిడ్ కంది కథ వేరు. అడవి కంది జాతి నుంచి తెచ్చిన మగ వంధ్యత్వంతో ఇక్రిశాట్‌లో కె.బి. సక్సేనా బృందం హైబ్రిడ్లు తయారు చేసింది. వాటిలో ఒకటి 2015లో తెలంగాణలో మన్నెంకొండ కంది పేరుతో విడుదలైంది. పేరు పాలమూరు పక్కనున్న కొండను గుర్తు చేస్తుంది గానీ, పంట ఆ కొండ చుట్టూ కూడా పెద్దగా నిలదొక్కుకోలేదు. ఏటా విత్తనం కొనాలంటే కంది రైతు ఒప్పుకోవడం కష్టం.

పురుగు సంగతి చూస్తే, పంట కాలం తగ్గించగానే శత్రువు కూడా మారింది. దీర్ఘకాలిక కందిని నవంబరు, డిసెంబరుల్లో శనగపచ్చ పురుగు తినేది. ముందే పూసే రకాలకు మబ్బు వాతావరణంలో మారుకా మచ్చల పురుగు ఎదురైంది. పూత, మొగ్గ, ఆకు కలిపి గూడు కట్టి లోపల తింటుంది కాబట్టి మందు దానికి తగలదు. శనగపచ్చ పురుగుకు మాత్రం చేతి పని ఉంది. సాళ్ల మధ్య పాలిథిన్ పట్టా పరిచి, చెట్టును పట్టుకుని మూడు నాలుగు సార్లు దులిపితే పురుగులు టపటపా రాలుతాయి. ఇక్రిశాట్ 1990ల చివర్లో ఈ పద్ధతిని రైతుల పొలాల్లో పరీక్షించి ప్రచారం చేసింది. రాలిన పురుగులు కొన్ని కోళ్లకు, కొన్ని పురుగును చంపే ఎన్‌పీవీ వైరస్ ద్రావణం తయారీకి. అంతకు ముందే, 1980ల చివర్లో, ఎర్ర గొంగళి పురుగు తొలకరిలో ఆముదం, కంది మొలకలను ఊడ్చేస్తున్నప్పుడు తెలంగాణ పల్లెల్లో వేసవి దుక్కులు, దీపపు ఎరలు, మంటలు, కందకాలతో స్వచ్ఛంద సంస్థలు రైతులను కూడగట్టాయి. పురుగుమందు లేని సాగు అని తర్వాత పేరు పొందిన ఉద్యమానికి వేళ్లు అక్కడున్నాయి.

శనగ ఈ జిల్లాల్లో అంచు పంట. తుంగభద్ర ఒడ్డున ఆలంపూర్ నల్లరేగడిలో యాసంగికి వేస్తారు. అక్కడ పాత అన్నిగేరి రకాన్ని పక్కకు నెట్టింది 1999లో విడుదలైన జేజీ-11. నది అవతల కర్నూలులో జరిగిన మార్పే ఇవతలికీ దాటింది. నల్లగొండ, సూర్యాపేట వైపు పెసరకు పల్లాకు తెగులే పెద్ద బాధ. దాన్ని తట్టుకునే రకాల్లో వరంగల్ నుంచి వచ్చిన డబ్ల్యూజీజీ-42కు యాదాద్రి అని పేరు పెట్టారు.

ఇన్ని రకాలున్నా కంది ఎందుకు వెనక్కి తగ్గింది? సాగర్ ఎడమ కాలువ కింద, బోర్ల కింద వరి వచ్చింది. 2002 తర్వాత బీటీ పత్తి చెలకను ఆక్రమించింది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. మరుసటి వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వమే పత్తి తగ్గించి కంది వేయమంది. రైతు మాట విన్నాడు, పంట బాగా పండింది, ధర క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర కన్నా కిందికి పడిపోయింది. ఆ తర్వాత మళ్లీ పత్తి వేసినవాణ్ని ఎవరూ తప్పు పట్టలేరు.

2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే, కానీ ఆ గుర్తింపు నాగర్‌కర్నూల్, దేవరకొండ చెలక కందికి వర్తించదు. వీటికి కావలసింది ఒకటే: ఏ మార్కెట్లో ఎన్ని క్వింటాళ్లు మద్దతు ధరకు కొంటారో ప్రభుత్వం జూన్‌లో, విత్తనం వేయకముందే చెప్పాలి.