బోస్టన్‌లో చెప్పులు కుట్టిన కుర్రాడు

ఇక్కడ చదువుకునే మన పిల్లల్లో చాలామందికి 'జానీ ట్రెమెయిన్' నవల తెలిసే ఉంటుంది. ఎస్తర్ ఫోర్బ్స్ 1943లో రాసింది. విప్లవం రోజుల్లో బోస్టన్‌లో వెండిపని నేర్చుకునే కుర్రాడి కథ. మా అమ్మాయి అది చదువుతూ, "నాన్నా, వీడు నిజంగా ఉండేవాడా?" అని అడిగింది. జానీ కల్పితమే. కాని జార్జ్ రాబర్ట్ ట్వెల్వ్స్ హ్యూస్ ఉన్నాడు. నాకైతే జానీకన్నా ఇతనే నచ్చాడు.

1742లో బోస్టన్‌లో పేదింట్లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోతే, 14 ఏళ్ళకి చెప్పులు కుట్టే పనిలో అప్రెంటిస్‌గా పెట్టారు. అప్రెంటిస్ అంటే యజమాని ఇంట్లోనే తిండీ, పడకా. జీతం మాట లేదు. సైన్యంలో చేరి బయటపడదామనుకున్నాడు. మనిషి అయిదడుగుల ఒక అంగుళం. మడమలు ఎత్తు చేయించుకుని, మేజోళ్ళలో కాగితాలు కుక్కుకుని వెళ్ళినా అధికారి కనిపెట్టి వెనక్కి పంపేశాడు!

ఒకసారి ఊళ్ళోకెల్లా ధనవంతుల్లో ఒకడైన జాన్ హాన్‌కాక్ బూటు బాగుచేశాడు. ఆయన కొత్త సంవత్సరం రోజున ఇంటికి రమ్మన్నాడు. వెళ్ళాడు కాని భయంతో బిగుసుకుపోయాడట. ఆయన అతని ఆరోగ్యం కోరుతూ వైన్ తాగి, చేతిలో ఓ వెండి నాణెం పెట్టి పంపించాడు.

1770 మార్చి 5న సిపాయిల కాల్పుల్లో అయిదుగురు పోయారు. ఆ గొడవ మొదలైందే విగ్గుల దుకాణంలో పనిచేసే అప్రెంటిస్ ఒకడు, బాకీ తీర్చలేదని ఒక అధికారిని వీధిలో ఎగతాళి చేయడంతో. చనిపోయినవాళ్ళలో 17 ఏళ్ళ అప్రెంటిస్ శామ్యూల్ మావరిక్ ఒకడు. హ్యూస్ ఆ గుంపులోనే ఉన్నాడు. జేమ్స్ కాల్డ్‌వెల్ అతని చేతుల్లోనే కూలిపోయాడు.

1773 డిసెంబరు 16 రాత్రి సుమారు 340 టీ పెట్టెలు సముద్రం పాలయ్యాయి. హ్యూస్ ఈల గట్టిగా వేస్తాడని అతన్ని ఓ జట్టుకి చిన్న నాయకుణ్ణి చేశారు. ఓడ కెప్టెన్ దగ్గరికి వెళ్ళి తాళాలూ, డజను కొవ్వొత్తులూ ఇమ్మని అడిగింది అతనే. ఆ టీ అస్సాందని మనవాళ్ళు అనుకుంటారు, చైనాది. సరుకు మాత్రం ఈస్టిండియా కంపెనీది. మన ఉత్తర సర్కారులకి 1765లో మొగలు పాదుషా చేత ఫర్మానా రాయించుకున్నది ఆ కంపెనీయే!

యుద్ధకాలంలో 'హాన్‌కాక్' అనే ఓడలో పనికి ఒప్పుకున్నాడు. ఆ ఓడ లెఫ్టినెంటు వీధిలో ఎదురై టోపీ తీయమన్నాడు. ఏ మనిషికీ తీయనని చెప్పి, వేరే ఓడ ఎక్కాడు. ఓడ పేరు చూసి నేను నవ్వుకున్నాను.

ముసలితనంలో అతని జ్ఞాపకాలు రెండు పుస్తకాలుగా వచ్చాయి, 1834లోనూ 1835లోనూ. ఆ రాత్రి టీ పారబోస్తున్నప్పుడు తన పక్కనే హాన్‌కాక్ ఉన్నాడని గట్టిగా చెప్పేవాడు. చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ యంగ్ అది నమ్మలేదు. అంత పెద్దమనిషి స్వయంగా ఓడెక్కి ఉండడన్నాడు. నేనూ నమ్మను. కాని 90 దాటిన ఆ చెప్పులు కుట్టేవాడు, ఒకప్పుడు తాను వణికిపోయిన మనిషిని తనతో సమంగా పెట్టె మోస్తున్నట్టు గుర్తుపెట్టుకున్నాడు. 1840లో 98 ఏళ్ళ వయసులో పోయేదాకా ఆ మాట మార్చలేదు.