కందెన కథ

ఎడ్లబండి ఎక్కినవాళ్లకి కందెన అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎక్కనివాళ్ల కోసం చెబుతున్నాను. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, ముద్దలా చేసి బండి ఇరుసుకి పూసేవారు. అదే కందెన. చిన్నప్పుడు అమ్మమ్మగారి వూళ్లో బండి దిగుతూ కొత్త పరికిణీకి ఆ నల్లటి మరక చేసుకుని అమ్మచేత చీవాట్లు తిన్నాను. ఏ సబ్బుకీ లొంగని ఆ మరకకి ఇంత చరిత్ర వుందని అప్పుడెవరైనా చెప్పివుంటే, తిట్లు కాస్త తేలిగ్గా అనిపించేవేమో!

ఆ చరిత్ర జోలికి నేను వెళ్లడానికి కారణం మా నాన్నగారి లేతు మిషను. లేతంటే ఇనపకడ్డీని గిరగిరా తిప్పుతూ, దానికి ఉలి ఆనించి, కావలసిన మందానికి గుండ్రంగా చెక్కే యంత్రం. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేదీ ఈ పద్ధతిలోనే. పాత తెలుగులో దీన్ని తరిమెన అన్నారు. బెజవాడలో నాన్నగారు నడిపిన వర్క్‌షాపుని ఆయన తర్వాత మా అన్నయ్య చూసుకుంటున్నాడు. నాకంటే వయసులో పెద్దదైన ఆ లేతు ఈమధ్య మొండికేసింది. నున్నగా రావలసిన కడ్డీ మీద అలలు అలలుగా గీతలు పడుతున్నాయిట. గుండ్రంగా రావలసింది కోలగా వస్తోందిట.

"తూకానికి అమ్మేద్దామనుకుంటున్నానే" అన్నాడు అన్నయ్య ఫోనులో.

నాన్నగారి చెయ్యి ఆని ఆని నునుపుదేలిన ఆ పిడిని తూకానికి అమ్మడమా! మర్నాడే రైలెక్కాను.

నాన్నగారి కాలంనుంచీ వున్న ముసలి మేస్త్రీగారు మూత విప్పి చూపించారు. లేతు ప్రాణమంతా కడ్డీని పట్టి తిప్పే ఇరుసులో వుంటుంది. ఆ ఇరుసు రెండు గన్‌మెటల్ బుష్షుల్లో తిరుగుతుంది. బుష్షు నెత్తిన చిన్న నూనె గిన్నె, అందులో ఉన్ని వత్తి. దీపంలో వత్తి నూనెని పైకి పీల్చినట్టే ఈ వత్తీ పీల్చి, బొట్టు బొట్టుగా ఇరుసు మీదికి జారుస్తుంది. మేస్త్రీగారు దాన్ని లాగితే ఎండిన గొంగళిపురుగులా బయటికొచ్చింది.

"ఎన్నాళ్లయింది నూనె పోసి?" అని అడిగాను. అన్నయ్య మాట్లాడలేదు.

"కుర్రాణ్ణి మానిపించాక ఇంకెవరు పోస్తారమ్మా?" అన్నారు మేస్త్రీగారే.

పొద్దున్నే వచ్చి, షెడ్డు వూడ్చి, మిషన్లన్నిటికీ నూనె పోసే కుర్రాడొకడు వుండేవాడు. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు అన్నయ్యకి ముందు కనిపించింది వాడి జీతమే.

బొట్టు నూనె లేకపోతే ఇంత ఇనుమూ అరిగిపోతుందా? బి.ఏ.లో చరిత్ర చదివాను గానీ, రాజుల సంగతే తప్ప ఇరుసుల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకున్నాను.

నూనె కుర్రాడి ముత్తాత ఈజిప్టులో కనిపించాడు. సుమారు క్రీ.పూ. 1900 నాటి జెహుతిహోతెప్ సమాధిలో ఒక బొమ్మ వుంది. పెద్ద విగ్రహాన్ని చెక్క పట్టాల మీద పెట్టి బారులు తీరిన జనం లాగుతుంటే, విగ్రహం పాదాల దగ్గర నిలబడి ఒకడు ముందున్న నేల మీద నీళ్లు పోస్తున్నాడు. అదేదో శుద్ధి కార్యక్రమం అనుకున్నారు కొందరు పండితులు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇసుకని తగుమాత్రం తడిపి లాగి చూస్తే, లాగే బలం సగం చాలిందిట! అంతమంది కండల కష్టాన్ని సగం చేసినవాడు ఆ కుండ పట్టుకున్న మనిషన్నమాట.

లేతు బొమ్మ కూడా అక్కడే దొరికింది. సుమారు క్రీ.పూ. 300 నాటి పెటోసిరిస్ సమాధిలో ఒకడు తాడు లాగి కర్రని తిప్పుతుంటే ఇంకొకడు ఉలి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలు ఉలి ఎక్కువగా మనిషి చేతిలోనే వుంది. దాన్ని చేతిలోంచి తీసి, మర తిప్పితే సూటిగా జరిగే ఇనప పీటకి గట్టిగా బిగించి, ఆ లేతుకి పేరు తెచ్చినవాడు ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే. 1771లో పుట్టాడు. పన్నెండో ఏట తూటాలు నింపే పనిలో చేరాడు. వారానికి 30 షిల్లింగుల జీతం పెంచమంటే యజమాని కాదన్నాడు. 1797లో బయటికొచ్చి సొంతంగా షాపు పెట్టుకున్నాడు. సుమారు 1800లో ఆయన చేసిన మరలు కోసే లేతు ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో వుంది. జీతం పెంచనన్న యజమాని ఏం పోగొట్టుకున్నాడో చూశారా?

అయితే ఉలి ఎంత కదలకుండా వున్నా, ఇరుసు వదులైతే పనంతా వృథా. ఇరుసు వదులు కాకూడదంటే నూనె పడాలి. ఆ రోజుల్లో జంతువుల కొవ్వు, తిమింగలం నూనె వాడేవారు. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో భూమిలోంచి చమురు తోడడం మొదలయ్యాక భూనూనెలొచ్చాయి. మన ఆముదమూ వెనకబడలేదు. 1909లో ఇంగ్లండులో వచ్చిన కాస్ట్రాల్ అనే ఇంజను నూనెకి ఆ పేరు ఆముదం ఇంగ్లీషు పేరులోంచే వచ్చింది. నా పరికిణీ మరకకి ఎంత గొప్ప బంధువో చూడండి.

నన్ను కదిలించిన మనిషి మాత్రం ఎలైజా మెకాయ్. అమెరికాలోని కెంటకీ నుంచి బానిసత్వం తప్పించుకుని కెనడా పారిపోయిన నల్లజాతి దంపతులకి 1844లో పుట్టాడు. వాళ్లు పదిహేనో ఏట కొడుకుని స్కాట్లండు పంపి ఇంజనీరింగు నేర్పించారు. తిరిగొస్తే, అమెరికాలో నల్లవాడికి ఇంజనీరు వుద్యోగమా! రైలింజనుకి బొగ్గు వెయ్యడం, నూనె పొయ్యడం, అంతే ఇచ్చారు. నూనె పోస్తూ పోస్తూనే, ఇంజను నడుస్తుండగానే దానంతట అది నూనె జార్చే గిన్నె కనిపెట్టి 1872లో పేటెంటు తీసుకున్నాడు. చనిపోయేలోగా ఆయన పేర అలాంటివి యాభైకి పైగా వున్నాయి. తక్కువ పని ఇచ్చామనుకున్నారు వాళ్లు. ఆ పని ఎంత పెద్దదో తెలిసినవాడు ఆయనొక్కడే.

అసలు నూనె ఏం చేస్తుందో 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరుకి అనుకోకుండా తెలిసింది. తిరిగే ఇరుసు మీది బేరింగుకి నెత్తిన నూనె పొయ్యడానికి కన్నం వేశాడు. పొయ్యకముందే కింది నూనె ఆ కన్నంలోంచి పైకి వుబికింది. బిరడా పెడితే ఎగిరిపోయింది. చెక్క మేకు కొడితే అదీ బయటికొచ్చింది. గేజి పెట్టి చూస్తే చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది! తిరిగే ఇరుసే నూనెని సందులోకి లాక్కుని, ఆ నూనె మీద తేలుతోందన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి లెక్క కట్టాడు. నూనె సరిగా వుంటే తిరిగేటప్పుడు ఇనుమూ బుష్షూ తాకవు. కదలబోయేటప్పుడూ, ఆగబోయేటప్పుడూ, నూనె ఎండినప్పుడూ అరుగుతాయి. ఇంటి చాకిరీ లాంటిదే ఇదీ. జరిగినన్నాళ్లూ ఎవరికీ కనపడదు.

ఇంతకీ మా లేతు సంగతి. తన ఇరుసుని తాను చెక్కుకోలేదుగా! పక్క షెడ్డుకి మోసుకెళ్లి, కోల పోయి గుండ్రం తేలేదాకా గ్రైండింగు పట్టించారు. ఇరుసు సన్నబడింది కనక పాత బుష్షులు పనికిరావు. కొత్తవి పోతపోయించి, వేరే లేతు మీద లోపల చెక్కించారు. ఆపైన మేస్త్రీగారి చెయ్యి. ఇరుసుకి నీలం రంగు పల్చగా పూసి బుష్షులో పెట్టి తిప్పుతారు. రంగు అంటుకున్నచోట మిట్ట వున్నట్టు. అక్కడే గీకుతారు. మళ్లీ రంగు, మళ్లీ తిప్పడం. రెండు రోజులు పట్టింది. చివరికి ఇరుసుకీ బుష్షుకీ మధ్య తలవెంట్రుకకంటే సన్నని సందు మిగిల్చారు.

"ఆ సందు కూడా లేకుండా బిగువుగా చేస్తే ఇంకా మంచిది కదండీ?" అన్నాను.

"మరి నూనె ఎక్కడుంటుందమ్మా?" అని నవ్వారాయన.

సాయంత్రం కొత్త వత్తి వేసి, నూనె పోసి మిషను తిప్పారు. కడ్డీ మీద ఒక్క గీత లేదు. నాన్నగారి పిడి మీద చెయ్యేసి అన్నయ్య చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత తనే వెళ్లి కుర్రాణ్ణి మళ్లీ రమ్మని పిలిచాడు.

"రానండీ. ఇక్కడ నాకు లేతు పని నేర్పుతున్నారు" అన్నాడట వాడు.

మొన్న వదిన ఫోన్ చేసింది. పొద్దున్నే దేవుడి పటానికి దణ్ణం పెట్టుకోగానే నూనె డబ్బా పట్టుకుంటున్నది మీ అన్నయ్యేనంది. చొక్కాల మీద మరకలు ఏ సబ్బుకీ లొంగడంలేదట. ఏం వాడితే పోతాయి వదినా అని నన్నడుగుతోంది.