కట్నమునకు నిర్వచనము: 1961వ సంవత్సరపు శాసనము

శాసన మెట్లు పుట్టునని యడిగినచో బిల్లు ప్రవేశము, మూడు పఠనములు, రాష్ట్రపతి యామోదము అని చెప్పుట పరిపాటి. అది సత్యమే. కాని శాసనమందలి యొక్కొక్క మాట యే యొత్తిడిచే నెట్టి రూపము దాల్చినదో యీ క్రమమువలన దెలియదు. వరకట్న నిషేధ శాసనచరిత్రమును మేమిందులకే యిచట గ్రహించితిమి.

కట్నము నరికట్టుటకై బీహారు 1950లోను, ఆంధ్రప్రదేశ్ 1958లోను శాసనములు చేసినవి. కేంద్రప్రభుత్వపు బిల్లు 1959లో లోక్‌సభకు వచ్చినది. పెండ్లినా డిచ్చు నగలు, వస్త్రములు, రొక్కము కట్నమగునా, కానుక యగునా యనునది ముఖ్యమైన చిక్కు. కానుకను నేర మన్నచో ఇంటింటి యాచారమును దండించినట్లగును. విడిచిపెట్టినచో కట్నమంతయు కానుక పేర చెల్లిపోవును. సవరణలపై ఉభయసభలకు నేకీభావము కుదురలేదు. కావున రాజ్యాంగపు 108వ అధికరణము ననుసరించి 1961 మే 6, 9 తేదీలలో సంయుక్త సమావేశము జరిగినది. అట్టి సమావేశములలో నిదియే మొదటిది. పిదప 1978, 2002 సంవత్సరములలో మాత్రమే జరిగినవి. నాటి స్పీకరు తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు.

తుదకు వివాహమునకు ‘ప్రతిఫలముగా’ ఇచ్చినదే కట్నమని నిర్వచించి, ప్రతిఫలముగా నిచ్చినవి కానిచో పెండ్లికానుకలు కట్నము కావను వివరణమును జేర్చిరి. శాసనమును బలహీనపరచిన దీ యొక్క పదమే యని మా యభిప్రాయము. ప్రతిఫలమని సాక్ష్యము చెప్పవలసిన వాడెవడు? పిల్లతండ్రియే గదా! పుచ్చుకొనుటవలె ఇచ్చుటయు నేరమే యగుటచే నాతడు నోరు మెదపజాలడు. ఫిర్యాదు సంవత్సరములోపల చేయవలెను. కూతురి కాపురము నేడో రేపో చక్కబడునని కాచుకొనియుండు తండ్రికి సంవత్సర మెంత! కట్నము నడిగినవానిపై ఫిర్యాదునకు రాష్ట్రప్రభుత్వపు ముందనుమతియు గావలసియుండెను.

ఈ చిక్కు తెలుగువారికి క్రొత్తది కాదు. విశాఖపట్టణ మండలమున పదియేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములకు విజయనగర మహారాజు పట్టిక వ్రాయించగా 1,034 తేలినవి. శుల్కము గొంటిమని యొప్పుకొనుటకు జను లిష్టపడనందున ఆ పట్టిక సంపూర్ణము కాదని గురజాడ 1897 నాటి పీఠికలో దెలిపెను. అప్పుడు పుచ్చుకొన్నవారు దాచిరి. ఇప్పుడు ఇచ్చినవారును దాచుచున్నారు.

1984 సవరణమున ‘ప్రతిఫలము’ తొలగి ‘వివాహసంబంధముగా’ అను మాట చేరినది. కానుకలను గూర్చిన వివరణమును దీసివేసిరి. ఒక్క పదము మారుటకు ఇరువదిమూడేండ్లు పట్టినది. ఇచ్చుట నేరమనునది మాత్రము నేటికిని శాసనమున నిలిచియే యున్నది.